అమ్మమ్మ నూలుకి నేను పెట్టిన ఎర్ర గుర్తులు

పోయిన నెల నేనొక అన్యాయం మీద యుద్ధం ప్రకటించాను. బల్ల గుద్దాను, నినాదాలిచ్చాను, నేరస్థుణ్ణి అందరి ముందూ నిలబెట్టి తీరతానన్నాను. నిలబెట్టాను కూడా! ఏం జరిగిందో చెప్తాను, మధ్యలో నవ్వకండి.

నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. నా టాపిక్ చెబితే పెళ్ళి భోజనాల్లో పక్క కుర్చీ ఖాళీ అయిపోతుంది: అండాశయ క్యాన్సర్‌లో ఆర్‌ఎన్‌ఏ మోడిఫికేషన్ల పాత్ర. ఓ రోజు మా గైడ్ గారు, "రాంబాబూ, ముందు ఇది మీ ఇంట్లో ఆడవాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పు. అప్పుడు నీకూ అర్థమవుతుంది" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. నేను మాత్రం దాన్ని పిలుపుగా తీసుకున్నాను. జ్ఞానం ల్యాబుల్లో బందీ కాకూడదు! సైన్సు ప్రజల సొత్తు! అని స్టేటస్ పెట్టేసి, ఆదివారం పొద్దున్నే బండి తీసుకుని పొందూరు దగ్గర మా అమ్మమ్మ ఊరికి వెళ్ళిపోయాను.

మా అమ్మమ్మ సూరమ్మ. పదేళ్ళ వయసు నుంచీ నూలు వడుకుతోంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకు చేసి, రాట్నం మీద ఆవిడ తీసే దారం ఊపిరి తగిలితే లేచిపోతుంది. ఆ వారం అమ్మమ్మ మంచి ఊపు మీద ఉంది. ఢిల్లీలో ఎగ్జిబిషన్. అక్కడ రాట్నం తిప్పి చూపించడానికి నూలు సెంటర్ వాళ్ళు ఒక్క మనిషిని పంపుతారట. అదీ విమానంలో. ఒక్కొక్కరూ మూడేసి చిలపలు, అంటే నూలు చుట్టలు, సోమవారం ఇవ్వాలి, ఎవరి నూలు సన్నగా ఉంటే వాళ్ళే వెళ్తారు. అమ్మమ్మ చిలపలు అప్పటికే తయారై గోడ మేకుకి వేలాడుతున్నాయి.

"ఇమానంలో కిటికీ పక్కన కూకుంటానురా. మబ్బు మన ఏకులాగ ఉంటాదో లేదో సూడాల" అంది. ఆవిడకి ఢిల్లీతో పనిలేదు. మబ్బుతోనే.

మధ్యాహ్నం అరుగు మీద అమ్మమ్మా, నేను పిలిచిన పదిహేనుమంది ఆడవాళ్ళూ కూర్చున్నారు. నేను లేచాను. "డీఎన్‌ఏ అంటే బీరువాలో దాచిన పెద్ద పుస్తకం. అందులోంచి అవసరానికి రాసుకున్న చీటీ ఆర్‌ఎన్‌ఏ" అని మొదలుపెట్టాను. రెండు నిమిషాలకి ముగ్గురు ఆవులించారు. నాలుగో ఆవిడ నన్నే చూస్తోంది గానీ కళ్ళు మూసుకుని.

అప్పుడు నా కళ్ళు మేకు మీద పడ్డాయి. చిలపలు! కింద గూట్లో రేకు డబ్బా, అందులో ఎర్రదారం. ఒక్క ఉదుటున తెచ్చాను.

"ఇదిగో ఆర్‌ఎన్‌ఏ!" అని చిలప పైకెత్తి ఎర్రదారం కట్టడం మొదలుపెట్టాను. "చూడండి, నూలు మారలేదు. ఒక్క పోగు తెగలేదు. కానీ దాని మీద ఒక గుర్తు పడింది, ఇదే మోడిఫికేషన్. ఈ గుర్తుని బట్టే కణం ఈ చీటీని ఎంతసేపు ఉంచాలి, ఎంత వాడాలి, ఎప్పుడు చించెయ్యాలి అని తేల్చుకుంటుంది. గుర్తు పెట్టేవి కొన్ని, చదివేవి కొన్ని, చెరిపేవి కొన్ని ఉంటాయి. అండాశయ క్యాన్సర్‌లో వీటి పని గాడి తప్పుతుంది. అక్కర్లేని చోట గుర్తు పడుతుంది, కావలసిన చోట చెరిగిపోతుంది. అప్పుడు కణం ఆగకుండా పెరుగుతుంది. ఒక్కోసారి మందుకి కూడా లొంగదు."

ఎవరూ ఆవులించడం లేదు! అందరి కళ్ళూ ఎర్రదారం మీదే! నా జన్మ ధన్యమైందనుకున్నాను.

పక్కింటి అప్పలనరసమ్మత్త చెయ్యెత్తింది. "బావూ, ఆ ఎర్రదారం మరి..."

"ప్రశ్నలు చివర్లో అత్తా!" అన్నాను. మూడు చిలపలకీ కట్టేశాను.

తర్వాత అసలు విషయం చెప్పాను. పొట్ట ఉబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం వారాల తరబడి వదలకపోతే, గ్యాస్ అనుకుని సోడా తాగి ఊరుకోవద్దు, డాక్టరుకి చూపించుకోండి, సిగ్గుపడొద్దు అని.

"ఇది మగోళ్ళకి రాదేటి?" అని ఎవరో అడిగారు.

"మగవాళ్ళకి అండాశయాలుండవు కదండీ."

"అదా సంగతి! అందుకే ఇంత ధైర్నంగా సెప్తన్నావు!"

అరుగంతా ఒకటే నవ్వు. అంతలో టీ, జంతికలు వచ్చాయి. చివర్లో ప్రశ్నలు అన్నది నాకూ గుర్తులేదు, జంతికలు అలాంటివి.

మర్నాడు పొద్దున్న అమ్మమ్మ, "ఒరే, సిలపలు మూటకట్టి అప్పలనరసమ్మకి ఇచ్చీరా, సెంటర్‌కి ఎల్తాది" అని కేకేసింది. నేను ఒక చేత్తో మూట కట్టి, రెండో చేత్తో 'నిన్న ప్రజల మధ్య' అని పోస్టు రాసుకున్నాను. రెండో పని శ్రద్ధగా చేశాను.

పన్నెండింటికి అప్పలనరసమ్మత్త తిరిగొచ్చింది. "సూరమ్మప్పా, నీ నూలు పక్కన ఎట్టీసినారు. ఒక్క పోగు లాగి సూడనైనా లేదు."

అమ్మమ్మ రాట్నం ఆపేసింది. కాసేపు వేళ్ళు చూసుకుంది. "పోనీ. కళ్ళు తగ్గినాయేమో. మబ్బు ఇక్కడినుంచి కూడా కనిపిస్తాది" అంది.

నా రక్తం మరిగింది. పోగు లాగి చూడకుండా పక్కన పెట్టడమా? శ్రమకి ఇదా గౌరవం? మౌనం కూడా నేరమే! "ఎక్కు అమ్మమ్మా బండి!" అన్నాను. అత్త ఏదో చెప్పబోయింది. "అత్తా, ఇది మాటల సమయం కాదు!" అని కిక్ కొట్టాను.

సెంటర్ మేనేజరు సత్యం గారు నిదానమైన మనిషి. నేను వెళుతూనే బల్ల గుద్దాను. "ఏ ప్రమాణంతో తీసేశారు? అరవై ఏళ్ళ అనుభవాన్ని తూచే తూకమేది మీ దగ్గర? అడగనిదే హక్కు రాదు, అందుకే అడుగుతున్నాను!"

"కూకో బావూ. టీ తాగుతావేటి?"

"టీలతో ఉద్యమాలు ఆగవు!"

"ఆపడానికి కాదులే. గొంతు ఎండిపోతాదని. మీ అమ్మమ్మగారే కదా నూలు తేడా అని సెప్పినారు?"

"అబద్ధం! సాక్ష్యం చూపించండి!"

ఆయన లోపలికెళ్ళి మూడు చిలపలు తెచ్చి బల్ల మీద పెట్టారు. మూడింటికీ ఎర్రదారం.

"మా దగ్గర పద్ధతి బావూ ఇది. నూలు తేడాగా వస్తే వడికిన మనిషే ఎర్రదారం కట్టి ఇస్తాది. మేం మళ్ళీ సూడం. సూరమ్మప్ప కట్టిందంటే సూసేదేటున్నాది? ఆవిడ మాట మీద మాకంత నమ్మకం."

అమ్మమ్మ చిలప అందుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. ముడి చూసింది. తర్వాత వంగి నా బూట్లు చూసింది. చిలప మీద ఉన్నదీ, నా బూటు లేసుకి ఉన్నదీ ఒకటే ముడి.

"ఒరే," అంది చాలా మెల్లగా, "నువ్వు ఇప్పీసుంటావు అనుకున్నానురా."

నేను బూట్లు బల్ల కిందికి జరిపాను. మౌనం నేరమైనా సరే.

గుర్తు పెట్టింది నేను. చదివింది సత్యం గారు, ఒక్క పొరపాటు లేకుండా. నూలు అదే, ఒక్క పోగు తెగలేదు, వెళ్ళాల్సిన చోటే మారిపోయింది. నా లెక్చరు మొత్తం బల్ల మీద ఉంది!

అంతలో బయట ఆటోలోంచి అప్పలనరసమ్మత్త రొప్పుతూ దిగింది. "నిన్ననే సెప్పబోయినాను! ప్రశ్నలు సివర్న అన్నాడు! ఇందాక సెప్పబోతే మాటలొద్దన్నాడు!"

సెంటర్లో ఆడవాళ్ళు రాట్నాలొదిలేసి నవ్వారు. సత్యం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అమ్మమ్మ పంటితో ముడులు ఒక్కొక్కటీ విప్పింది. ఆయన పోగు లాగి, వెలుతురుకి పట్టి, మరో పోగు లాగి, "సాయంత్రం దాకా టైమున్నాది గానీ ఇంక సూడక్కర్లేదు. సూరమ్మప్పా, సంచి సర్దుకో" అన్నారు. అప్పుడు నేను టీ తాగాను. రెండు కప్పులు.

బయటికొచ్చాక అమ్మమ్మ ఆ ఎర్రదారం నా మణికట్టుకి కట్టింది, గట్టి ముడి. "ఇప్పకు. నిన్ను సూసినోళ్ళకి తెలియాల, పక్కన ఎట్టాల్సిన సరుకని. నేనొచ్చి ఇప్పుతాను."

విమానం దిగగానే ఢిల్లీ నుంచి ఫోన్ చేసింది. "మబ్బు దూరానికే అందంరా. దగ్గరికెల్తే ఏటున్నాది, సరిగ్గా దువ్వనే లేదు!"

ఆ రోజే ల్యాబ్‌లో మా గైడ్ గారు నా చెయ్యి చూశారు. "ఏమిటయ్యా అది?"

"మోడిఫికేషన్ సార్."

"చెరిపెయ్యకపోయావా?"

"చెరిపే ఆవిడ ఢిల్లీలో ఉన్నారు సార్. ఆవిడొచ్చేదాకా నేను రిజెక్టే."