చిన్నాయన బండికి కొత్త సైలెన్సరు

నా చిన్నతనంలో, నాకు పదేళ్లున్నప్పుడు, మా చిన్నాయన ఒక పాత బుల్లెట్టు బండి కొన్నాడు. ధర్మవరం పట్టుచీరలు బెంగళూరులో అమ్మే మనిషి. బండి వచ్చాక చీరల మాట తగ్గి సైలెన్సరు మాట ఎక్కువైంది. బండితో వచ్చిన సైలెన్సరు మరీ మెత్తగా మోగుతోందని ఆయన బాధ.

ఒక ఆదివారం నన్ను వెనక ఎక్కించుకుని అనంతపురంలోని ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ ముసలాయన గోనెపట్ట మీద మూడు సైలెన్సర్లు పెట్టి, ఒక్కొక్కటే బిగించి వినిపించాడు. మొదటిది పొడుగ్గా ఉంది, శబ్దం నిదానంగా వచ్చింది. రెండోది కాస్త పొట్టి, కాస్త గట్టి. మూడోది లోపల ఏమీ లేని ఉత్త గొట్టం. అది మోగగానే ఎదురుగా టీ తాగుతున్నవాళ్లు చెవులు మూసుకున్నారు.

"వీధిలో పసిపిల్లోల్లు, ముసలోల్లు ఉంటారు. మొదటిది తీసుకోప్పా" అన్నాడు ముసలాయన.

చిన్నాయన ఆయన మాట వినిపించుకోలేదు. నా వైపు తిరిగి, "నువ్వు సెప్పుమే, ఏది బాగుండాది?" అన్నాడు. పెద్దవాళ్లు నన్ను సలహా అడగడం అదే మొదటిసారి. నేను గర్వంగా మూడోదాన్ని చూపించాను. అదే బిగించారు.

ఆ ఏడు వానలు లేవు. వీధి బావులన్నీ ఎండిపోయి, ఊరి చివర ఒక్క బోరింగే దిక్కయింది. మేము తిరిగొచ్చేసరికి పక్కింటి అక్క నెత్తిన మట్టికుండతో మా ముందు నడుస్తోంది. చిన్నాయన సరిగ్గా ఆమె వెనకాలకి వచ్చి కావాలనే యాక్సిలరేటరు తిప్పాడు. అక్క అదిరిపడింది. కుండ జారి పగిలింది. చిన్నాయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

అక్క మమ్మల్ని తిట్టలేదు. నేల మీద చతికిలబడి, పెంకుల్లో మిగిలిన నీళ్లను దోసిలితో ఒక పెద్ద పెంకులోకి ఎత్తసాగింది. "పిల్లోనికి జరం. పొద్దున్నించీ నిలబడి తెచ్చినా" అంది, ఎవరితో అంటోందో తెలియనట్టు.

నేను నవ్వు ఆపి బండి దిగాను.

మా జేజి, అంటే నాయనమ్మ, గడపలో నిలబడి అంతా చూసింది. లోపలికి పోయి, మా ఇంట్లో మిగిలిన ఒక్క బిందె నీళ్లూ తెచ్చి అక్కకు ఇచ్చింది. అక్క బిందె ఖాళీ చేసి తెచ్చి ఇచ్చాక, జేజి దాన్ని చిన్నాయన చేతిలో పెట్టింది.

"బండి ఆడ పెట్టు. బోరింగు కాడికి నడిసి పో. ఏమ్మే, నువ్వు గూడ పో."

మధ్యాహ్నమంతా ఎండలో వరుసలో నిలబడ్డాం. నా కాళ్లకు బండి మసి అంటింది, గౌనంతా కాలిన నూనె వాసన. వరుసలోని ఆడవాళ్లు మా వైపు ఒకసారి చూసి మొహం తిప్పుకున్నారు. చిన్నాయన మాత్రం, "ఒక కుండకి ఇంత రచ్చనా!" అని గొణుగుతూనే ఉన్నాడు. ఆ మాట వినగానే ఎంతో ఇష్టమైన మనిషి మీద ఒక్కసారిగా రోత పుట్టింది. ఆయన్ని చూడలేక తల దించుకుంటే, గొట్టాన్ని చూపించిన నా వేలే నాకు కనిపించింది.

అక్క కొడుక్కి నాలుగు రోజుల్లో జ్వరం తగ్గింది. చిన్నాయన సైలెన్సరు మార్చలేదు, బండి అమ్మేదాకా అలాగే మోగించుకుంటూ తిరిగాడు. "ఎక్కుమే" అని ఎన్నిసార్లు పిలిచినా నేను మళ్లీ ఎక్కలేదు. కారణం చెప్పే ధైర్యం మాత్రం నాకు ఏనాడూ రాలేదు.

ఇప్పుడు మా వీధిలో కుర్రాళ్లు అలాంటి గొట్టాలే తగిలించుకుని ముసలివాళ్ల పక్కనుంచి దూసుకుపోతుంటే అదే రోత పుడుతుంది. తిడతాను కూడా. కానీ ఆ రోత అంతా వాళ్ల మీదే కాదని నాకు తెలుసు. ఒక మనిషి బెదిరితే చూసి నవ్వగలిగిన పదేళ్ల పిల్ల మీద నాకు ఈనాటికీ జాలి కలగలేదు.