నలభై కిలోల ఆంప్, నా చేతి తూకం

ముందు కరక్ చాయ్ చెప్పండి, తర్వాత చెప్తాను. మెసైమీర్ హాల్లో స్టేజీ మీద అట్టపెట్టె విప్పి పరువు పోగొట్టుకున్నది నేనే, కాదనట్లేదు. కాకపోతే ఈ కథ తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. మొన్నెవరో నా పెట్టెలోంచి ప్రెషర్ కుక్కర్ వచ్చిందన్నాడట. కుక్కర్ లేదండీ బాబూ! ఏమున్నాయో చూసినవాణ్ణి నేను, నేనే చెప్తాను.

నేను ఈ ఎడారి దేశంలో కార్గో ఆఫీసులో పనిచేస్తానని తెలుసుగా. మనోళ్ళు ఇళ్ళకి పంపే పెట్టెలు కట్టడం, తూచడం, బండెక్కించడం. ఎత్తీ ఎత్తీ నా చెయ్యే కాటా అయిపోయింది. పెట్టె ఇలా అంగుళం లేపితే చాలు, ఎన్ని కిలోలో చెప్పేస్తాను. ఆఫీసులో కాటా లేదా అంటే ఉంది. అది కస్టమర్ల తృప్తి కోసం!

ఇక రెండో పిచ్చి స్టీల్ గిటారు. మా మేనమామ అమలాపురం వైపు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో వాయించేవాడు, ఆయన దగ్గర పట్టుకున్నాను. గిటారు ఒళ్ళో పడుకోబెట్టి, ఎడం చేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తుంటే మనిషి పాడినట్టే ఉంటుందండి. మన తెలుగు ప్రోగ్రాముల్లో పాత పాటలకి మధ్యలో వచ్చే ఆ బిట్లన్నీ నావే. అలాంటిది, కీబోర్డు వాయించే కిశోర్ లేడూ, వాడు కొత్త కీబోర్డు కొన్నాడు. "అన్నయ్యా, ఇందులో స్టీల్ గిటార్ టోన్ కూడా ఉంది, బటన్ నొక్కితే వచ్చేస్తుంది" అన్నాడు. అనడం కూడా అందరి ముందూ అన్నాడు!

ప్రోగ్రాములు చూసే మూర్తిగారికి ఆ ముక్క చెవిలో పడింది.

"సత్తిబాబూ, నిజం చెప్పాలంటే నీ గిటారు వెనక వరసలకి వినబడట్లేదయ్యా. ఈ శుక్రవారం ఒక్క పాట చూస్తాను. సౌండు బాగుంటే సరేసరి. లేదంటే ఆ బిట్లు కిశోర్‌కి ఇచ్చేస్తాను, ఏమనుకోకు."

ఏమనుకోకేంటండీ! ఒళ్ళు మండిపోయింది. చిన్నప్పట్నుంచీ వేళ్ళు కాయలు కట్టేలా నేర్చుకున్న విద్యని బటన్ ఎగరేసుకుపోతుందా? అప్పుడే నిర్ణయించుకున్నాను. గిటారుది తప్పు కాదు, ఆంప్‌ది, అంటే సౌండు పెంచే పెట్టెది. పాతకాలం ట్యూబ్ ఆంప్ కొనాలి. పాత రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు బుడ్లు ఉండేవి చూడండి, అవే ట్యూబులు. స్టీల్ గిటారు గొంతు వాటిలోంచి వస్తేనే గొంతు.

అదృష్టం చూడండి, అల్ అజీజియాలో ఓ తెల్లాయన దేశం వదిలి వెళ్ళిపోతూ సామాన్లు అమ్ముతున్నాడు. వెళ్ళాను. రెండు ట్యూబ్ ఆంపులున్నాయి. ఒకటి చిన్నది, చంకలో పెట్టుకుపోవచ్చు. ఇంకోటి బీరువాకి తమ్ముడిలా ఉంది.

"టేక్ ద స్మాల్ వన్, మై ఫ్రెండ్. ఆ పెద్దది మొయ్యలేక నా నడుం పోయింది" అన్నాడాయన.

నేను రెండూ ఎత్తి చూశాను. చిన్నది పద్నాలుగు. పెద్దది నలభై! నా మొహం వెలిగిపోయింది.

"హెవీ ఈజ్ గుడ్, సార్!"

ఇందులో నా తప్పేమీ లేదండి, ఇప్పటికీ అదే మాట మీదున్నాను. బరువంటే లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నట్టు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే ఎంత పెంచినా సౌండు చెదరదు, తీగ ఎంత సాగదీస్తే అంత సాగుతుంది. ఆయన వాదించలేక నవ్వి, "ట్యూబులు మాత్రం జాగ్రత్త, గాజు" అని మరీ మరీ చెప్పి పంపించాడు.

గోడౌన్‌కి తెచ్చి వాయించానండి. అబ్బబ్బబ్బ! రేకులు జల్లుమన్నాయి. మా షఫీ భాయ్, లేబుళ్ళు అంటించే ఆయన, చేతిలో టేపు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. కిశోర్ పని అయిపోయిందనుకున్నాను.

ఇక దాన్ని మెసైమీర్ హాలుకి తీసుకెళ్ళాలి. దారిలో గుంతలు, లోపల గాజు. ప్యాకింగ్ ఎవరు చెయ్యాలి? నేనే కదా! మా ఆఫీసు పెద్ద కార్టన్ తీసి, చుట్టూ థర్మకోల్ పెట్టి, బబుల్ షీటు చుట్టి, టేపు మీద టేపు కొట్టి, తాడు బిగించి... ఏం కట్టానండీ, చూస్తే ముద్దొచ్చేలా ఉంది.

"భాయ్, నామ్ తో లిఖో" అన్నాడు షఫీ భాయ్.

"నా పెట్టెకి పేరెందుకు భాయ్? చెయ్యి పెడితే తెలీదూ?" అన్నాను.

సరిగ్గా అదే రోజు మల్లేశ్ పెట్టె కూడా వచ్చింది. మల్లేశ్‌ది జగిత్యాల దగ్గర ఊరు, మదీనత్ అల్ షమాల్ సైటులో పని. మన ప్రోగ్రాములకి తప్పకుండా వస్తాడు, పాపం మంచివాడు. వాళ్ళావిడ లక్ష్మికి, పాపకి సామాన్లు సర్ది తెచ్చాడు. దాన్నీ నేనే కట్టాను. అదే కార్టన్, అదే టేపు, అదే తాడు. పక్కపక్కన పెట్టి చాయ్‌కి వెళ్ళొచ్చాను.

వచ్చేసరికి షఫీ భాయ్ లేబుల్ పట్టుకుని నిలబడ్డాడు. ఎయిర్‌పోర్టుకెళ్ళే బండి బయట హారన్ కొడుతోంది.

"మల్లేశ్ కా డబ్బా కౌన్‌సా, భాయ్? కాటే పే రఖేఁ?"

"కాటా ఎందుకు, నేను లేనూ?"

ఒకటి లేపాను. రెండోది లేపాను. రెండూ ఇంచుమించు ఒకటే, కానీ ఇంచుమించు అనేది మీకు, నాకు కాదు! ఓ కిలో తేడా పట్టేశాను. ఆంప్ కదా, బరువైనదే నాది అయి ఉండాలి. తేలికదాన్ని చూపించి, "ఇదీ మల్లేశ్‌ది, కొట్టు లేబుల్, యల్లా, త్వరగా!" అన్నాను. అది బండెక్కి వెళ్ళిపోయింది.

శుక్రవారం డ్యూటీ అయ్యేసరికే ఆలస్యమైంది. నేను హాలుకి చేరేటప్పటికి ప్రోగ్రాం మొదలైపోయింది. నా పాట వచ్చే టైముకి నలుగురు కుర్రాళ్ళు పెట్టెని మూలుగుతూ స్టేజీ మీదకి ఎక్కించారు. ఆ మూలుగులు వింటుంటే ఎంత గర్వంగా ఉందో! ముందే చాటుగా విప్పుకోవచ్చు కదా? ఊహూ. జనం ముందు విప్పాలి, కిశోర్ చూడాలి. పైగా మైకు కూడా తీసుకున్నాను.

"ఇంతవరకూ మీరు విన్నది ఒక ఎత్తు. ఇప్పుడు ట్యూబ్ ఆంప్‌లో అసలైన సౌండు ఎలా ఉంటుందో వినండి!"

చప్పట్లు! కట్టరు పెట్టి సర్రున కోశాను. మూత తీస్తే లోపల పులి మొహం. దుప్పటి మీద బొమ్మండి, ఇంతేసి కళ్ళతో నన్నే చూస్తోంది. షఫీ భాయ్ ఎంత మంచివాడు, ట్యూబులు పగలకుండా నాకు చెప్పకుండా దుప్పటి కూడా పెట్టాడు అనుకున్నాను. లాగాను. కింద ఇంకో దుప్పటి. దాని కింద పాలపొడి డబ్బాలు. వాటి మధ్యలో సెంటు సీసాలు, సబ్బులు, ఓ బొమ్మ. చెయ్యి తగిలేసరికి ఆ బొమ్మ "హలో, ఐ లవ్ యూ" అంది. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. హాలంతా వినబడింది.

వెనక వరసలోంచి ఒకటే కేక.

"ఓ సత్తన్నా! గది నా దుప్పటే! గా బొమ్మ నా బిడ్డది!"

మల్లేశ్! కుర్చీ మీదెక్కి నిలబడ్డాడు.

అప్పుడు వెలిగిందండి నాకు. మల్లేశ్ పెట్టె ఇక్కడుంటే నా ఆంప్ ఎక్కడున్నట్టు? విమానమెక్కి హైదరాబాదు చేరిపోయి ఉంటుంది. జనం పడీపడీ నవ్వుతున్నారు. మూర్తిగారు వాచీ చూసుకుంటూ కిశోర్ వైపు తిరిగారు. అయిపోయింది నా పని అనుకున్నాను. ఏడుపొక్కటే తక్కువ.

కిశోర్ లేచాడు. బటన్ నొక్కుతాడేమో అనుకుంటే, తన ఆంప్‌లోంచి కీబోర్డు వైరు పీకి, ఆంప్‌ని నా వైపు జరిపాడు.

"అన్నయ్యా, దీంట్లో పెట్టుకోండి. పాట మీదేగా."

వాడి ఆంప్ ఎంతనుకున్నారు? టిఫిన్ డబ్బా అంతుంది. ప్లాస్టిక్‌ది! చేత్తో ఎత్తి చూడాలని కూడా అనిపించలేదు నాకు. మల్లేశ్ పెట్టె పక్కనే కూర్చుని, గిటారు ఒళ్ళో పెట్టుకుని, కోపమంతా కడ్డీ మీద చూపించాను. చరణం దగ్గరికొచ్చేసరికి వెనక వరసలు కూడా తలలూపుతున్నాయండి. పాట అయ్యాక లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒకావిడ దగ్గరకొచ్చి, "ట్యూబ్ ఆంప్ అంటే ఇదేనా అన్నయ్యగారూ, ఎంత తేడా!" అంది.

"మరేమనుకున్నారు!" అన్నాను. కిశోర్ అటు తిరిగి దగ్గాడు.

మల్లేశ్ సామాన్లు ఒక్కటి తగ్గకుండా మళ్ళీ కట్టి మర్నాడే పంపించాను, ఈసారి కాటా మీద పెట్టి, రెండు వైపులా పేరు రాసి. కొన్నాళ్ళకి లక్ష్మి ఫోన్ చేసింది, నా పెట్టె చేరిందని. ఎలా చేరిందో ఆ దేవుడికే ఎరుక. నాకు ట్యూబుల బెంగ.

"అమ్మా, ఒక్కసారి ప్లగ్గు పెట్టి స్విచ్చి వెయ్యి. వెనకాల బుడ్లు వెలుగుతున్నాయో లేదో చూడు" అన్నాను.

"అన్ని మంచిగ వెలుగుతున్నయన్నా" అంది. హమ్మయ్య అనుకున్నాను. "ఇక కట్టేసి జాగ్రత్తగా పెట్టమ్మా, తెప్పించుకుంటాను" అన్నాను.

నాలుగు రోజులు పోయాక మల్లేశ్ తన ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. వీడియో కాల్. నా ఆంప్ వరండాలో ఉంది. వెనకాల ట్యూబులు ఎర్రగా వెలుగుతున్నాయి. వాటి ముందు ఓ గంప. గంప నిండా కోడిపిల్లలు!

"అన్నా, మస్తు వెచ్చగున్నదే! చలికి పిల్లలు చస్తుండె, గిది పెట్టినంక ఒక్కటి గూడ సావలే. గిప్పుడే ఎట్ల పంపుత చెప్పు? జర పెద్దగ కానియ్యి!" అంది లక్ష్మి.

ఆ బంగారు కొండల మొహాలు చూసి సరే అన్నాను.

నిన్న మూర్తిగారు ఫోన్ చేశారు. "సత్తిబాబూ, స్టీల్ గిటారు బిట్లన్నీ ఇక నీవేనయ్యా, బటన్ మాట ఎత్తను. వచ్చే ప్రోగ్రాంకి ఆ ట్యూబ్ ఆంప్ తెస్తున్నావా?"

"లేదండి, దానికి సెలవు దొరకలేదు."

"సెలవేంటయ్యా?"

"జగిత్యాలలో డ్యూటీ ఎక్కిందండి. నా దగ్గర కంటే అక్కడే మంచి పేరొచ్చింది దానికి."