గడ్డి కూరిన దూడ

మా అత్తగారు చీమని కూడా తొక్కరు. అతిశయోక్తి కాదు. పొద్దున్నే గుమ్మంలో బియ్యప్పిండితో ముగ్గు పెట్టి, అది చీమల కోసమే అంటారు. సున్నంతో ముగ్గేసే పక్కింటావిడని చూసి, "అందానికే గానీ ఏ జీవికి పనికొస్తుందే అది?" అని విసుక్కుంటారు. వంటింట్లో బొద్దింక కనబడితే చేటలోకి ఎత్తి పెరట్లో వదిలిపెడతారు. తెనాలిలో, బొద్దింకలకి మందు కొట్టే ఇంట్లో పెరిగినదాన్ని నేను. చెరుకుపల్లి పక్కనున్న ఈ ఊరికి కాపరానికొచ్చిన కొత్తలో ఇదంతా చూసి ఎంత మురిసిపోయానో! ఎంత మంచి ఇంట్లో పడ్డాను దేవుడా అనుకున్నాను.

పోయిన వానాకాలంలో మా గేదె ఈనింది. జున్ను వీధంతా పంచాం. పుట్టింది దున్నదూడ. పెయ్య అయితే రేపటి పాడి. దున్నతో ఇప్పుడు ఎవరికి పని? పొలానికి ట్రాక్టరు ఉంది, బండి ఏనాడో పోయింది. పొదుగులోకి పాలు దిగాలంటే, అంటే గేదె చేపాలంటే, దూడ మూతి తగలాలి. అంతవరకే దానితో అవసరం. మా ఆయన దూడని వదిలేవారు, అది రెండు గుక్కలు తాగేలోపు లాగి దూరంగా కట్టేసేవారు. మిగతాదంతా పాలకేంద్రానికి.

చూస్తుండగానే దూడ డొక్కలు ఎండిపోయాయి. తాడు నాకేది, గోడ నాకేది, నేను దగ్గరికెళితే నా కొంగు చప్పరించేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"అత్తయ్యగారూ, ఒక చన్ను దానికి వదిలేద్దామండి. చచ్చిపోతుందండి అది."

"దాని ఆయుష్షు ఎంతుంటే అంత. ఎవరి ఖర్మకి ఎవరు కర్తలమ్మా? మనం చంపుతున్నామా ఏంటి?"

ఒళ్ళు మండిపోయింది. "చంపడమంటే కత్తి పట్టుకోవడమేనా అండి?" అన్నాను. ఆవిడ రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. "శివశివా! సంధ్యవేళ ఆ మాటలేంటే!"

రేపల్లె వైపు నుంచి దూడల్ని కొనే మనిషి వచ్చాడు. "ఎలాగూ బతకదు, ఇచ్చెయ్యండమ్మా" అన్నాడు. అత్తగారు అతన్ని గేటు దగ్గర నుంచే పంపేశారు. "కోతకిచ్చి ఆ పాపం మూటగట్టుకోమంటావా? మా ఇంట్లో పుట్టింది, మా ఇంట్లోనే పోతుంది." వీధిలోవాళ్ళు ఆవిణ్ణి ఎంత మెచ్చుకున్నారో. నాకు మాత్రం, అతని చేతిలో అయితే ఒక్క క్షణంలో పోయేది కదా అనిపించింది. అలా అనిపించినందుకు పూజగదిలో కూర్చుని ఏడ్చాను.

ఏడిస్తే ఏం లాభం! కాఫీ మానేసి, నా వంతు పాలు గంజిలో కలిపి సీసాతో పట్టడం మొదలుపెట్టాను. అత్తగారు చూసి వద్దనలేదు, పుణ్యమేలే అన్నారు. దూడ లేచి నిలబడింది. ఒకసారి గంతు కూడా వేసింది, ఓ సగం గంతు. ఇక బతుకుతుందనే అనుకున్నాను.

అంతలో బాపట్లలో మా చెల్లెలు ప్రసవించిందని ఫోను. గంజి మాత్రం మానొద్దని అత్తగారికీ మా ఆయనకీ మరీ మరీ చెప్పి వెళ్ళాను. అక్కడ పసివాడు పాలు తాగడం లేదని ఇల్లంతా ఒకటే కంగారు. ఒకరు నర్సుకి ఫోను చేస్తారు, ఒకరు దిష్టి తీస్తారు. వాడు గుటక వేశాక గానీ ఎవరూ అన్నం ముట్టలేదు. నాకు దూడే గుర్తొచ్చింది. ఫోను చేస్తే, "ఉందిలే" అన్నారు మా ఆయన.

తిరిగొచ్చేసరికి గేదె ముందు దూడ నిలబడి ఉంది. కదలడం లేదు. దగ్గరికెళ్ళి చూస్తే అది వట్టి తోలు. లోపల వరిగడ్డి కూరి, పొట్ట దగ్గర గోనెదారంతో కుట్టి, కాళ్ళకి వెదురు కర్రలు పెట్టారు. గేదె దాని వీపు నాకుతూ చేపుతోంది. పాలు పితుకుతున్న మా ఆయన నావైపు తలెత్తి చూడలేదు.

"గంజి పోశామే, మింగలేదు. చివర్లో తులసితీర్థం కూడా పోశాను" అన్నారు అత్తగారు. ఆవిడ కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. అదే నాకు భరించరానిది అయిపోయింది. దొంగ ఏడుపైతే నోటికొచ్చినట్టు తిట్టి పోసేదాన్ని. ఆ పాలే గ్లాసులో పోసి దేవుడి ముందు పెట్టారు.

కొన్నాళ్ళకి, నాకగా నాకగా కుట్టు ఊడింది. గేదె ఆ చిరుగులోంచి గడ్డి లాక్కుని తినేసింది. తన దూడ పొట్టలోంచి! పొద్దున చూసేసరికి తోలు నేలమీద చతికిలబడి ఉంది. గేదె దాన్ని మూతితో తడిమి తడిమి, తలెత్తి అరవడం మొదలుపెట్టింది. ఇక మేత ముట్టదు, చేపదు. ఆ అరుపు వీధి చివరిదాకా వినబడింది.

అత్తగారు దబ్బనం, గోనెదారం తెచ్చి నా చేతిలో పెట్టారు. "నాకు చూపు ఆనడం లేదమ్మా, కాస్త ఎక్కించి పెట్టు."

"నా వల్ల కాదండి."

"నోరులేని జీవం, ఎలా అల్లాడుతోందో చూడవే. దాన్ని అలా ఏడిపిస్తే పాపం కాదూ?"

గేదె మళ్ళీ అరిచింది. నేను దారం కొస తడిచేసి, దబ్బనంలో ఎక్కించి ఇచ్చాను.