ముందు పళ్ళు

మోటారు సైకిలు పళ్ళచక్రానికి ఎన్ని పళ్ళుంటే బండికి అంత పట్టుంటుందని నమ్మిన తెలివి నాది. కాలు కింద పెట్టకుండా కాలవకట్ట ఎక్కించకపోతే నా పాత బండి మా బావకి ఇచ్చేస్తానని పందెం కూడా వేశాను. "నీకు బండెందుకు, గేదెనెక్కు బావా" అన్నాడతను.

బందరులో అన్నిటికంటే పెద్ద పళ్ళచక్రం కొని, ఒళ్ళో పెట్టుకుని చల్లపల్లి బస్సెక్కాను. పక్కన జంతికలు తింటున్న పెద్దాయన, "ఇది ముందు ఇంజనుకా అండీ, వెనక చక్రానికా?" అన్నాడు.

"ఇంజనుకేనండీ. కట్ట ఎక్కాలి."

"అయితే పరిగెడుతుంది గానీ ఎక్కదు. ముందు పళ్ళు తగ్గించండి. మెల్లగానైనా దేన్నయినా నమిలేస్తుంది" అని నవ్వాడు. ఆయనకి ముందు పళ్ళు రెండు లేవు.

దారిలోనే దిగి, వెనక్కి వెళ్ళి దాన్నిచ్చేసి చిన్నది తీసుకున్నాను. బండి కట్టెక్కింది, నా ప్రాణం కుదుటపడింది.

ఆ వానాకాలమే బావ కొత్త బండి బురదలో మొరాయిస్తే నా బండికి తాడు కట్టి లాక్కొచ్చాను. చల్లపల్లి బజారంతా చూసి నవ్వుతుంటే, "కాస్త తొందరగా పోనీ బావా" అని బతిమాలాడు.

"ఇంతకంటే వెళ్ళదు బావా" అన్నాను.

నిజానికి ఇంకొంచెం వెళ్ళేది.