మూడో అధ్యాయంలో వచ్చిన వనితలు

అమెరికాలో, బెంటన్‌విల్‌లో రఘు, దమయంతి దంపతులు సత్యనారాయణ వ్రతం చేసుకున్న ఆదివారం ఉదయం, మూడో అధ్యాయంలో, సంతానం లేని వర్తకుడు స్వామికి మొక్కుకుంటున్న చోట, టీవీ తెర మీదికి ముగ్గురు స్త్రీలు వచ్చారు. వాళ్ల ఒంటిమీద బట్టలు పెద్దగా లేవు. కథ చదువుతున్నది దమయంతి తండ్రి హనుమయ్యగారు. ఆయన జంగారెడ్డిగూడెం బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల వేళలు చదివి రిటైరైన మనిషి. ఎదురుగా ఏది రాసుంటే అది స్పష్టంగా, గంభీరంగా, ఎక్కడా ఆగకుండా చదవడం ఆయనకి ఉద్యోగం నేర్పిన విద్య. కాబట్టి ఆయన "లోన్లీ విమెన్ ఇన్ బెంటన్‌విల్ వాంట్ టు మీట్ యూ" అన్నది కూడా అదే గొంతుతో చదివేశారు. ఒకరిద్దరు అలవాటు కొద్దీ అక్షింతలు వేశారు.

టీవీకి తగిలించిన లాప్‌టాప్ కింది అపార్ట్‌మెంట్ కుర్రాడు రామమోహన్‌ది. వ్రతాలకి పురోహితుడు దొరకని ఊరు కనక కథ ఎవరో స్కాన్ చేసి పంపితే, దాన్ని టీవీకి తగిలించి అందరికీ కనపడేలా పెట్టింది కూడా అతనే. రామమోహన్ ఒక్క గెంతులో వచ్చి ఆ ముగ్గురినీ మూసేశాడు. మూసిన చోట పేకాట క్లబ్బు తెరుచుకుంది. దాన్ని మూస్తే మళ్లీ ఇంకో అమ్మాయి. ఆఖరికి కేబుల్ పీకేశాడు. టీవీ మామూలు చానల్‌కి వెళ్లిపోయి, తివాచీ మీద మరకలు పోగొట్టే మందు గురించి చెప్పడం మొదలుపెట్టింది. మిగిలిన కథ దమయంతి పీటల మీద కూర్చునే తనకి గుర్తున్నంత మేర చెప్పింది. ఐదో అధ్యాయం బాగా చిన్నదైపోయింది.

ప్రసాదాలు తింటున్నప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. అందుకే అందరికీ అర్థమైంది, ఇది చిన్న విషయం కాదని.

ఎందుకంటే ఆ రోజు వ్రతం ఒక్కటే కాదు, సంబంధం కోసం రామమోహన్‌ని చూడటం కూడా ఉంది.

రామమోహన్‌ది నందిగామ. అప్పటికి అమెరికా వచ్చి నాలుగైదేళ్లు. పాతకాలపు పెద్ద కంప్యూటర్ల మీద కాంట్రాక్టు పని. రఘు వాళ్ల కింది అపార్ట్‌మెంట్‌లో ఒక్కడే ఉండేవాడు. ఊళ్లో ఎవరికి ఎయిర్‌పోర్టుకి రైడ్ కావాలన్నా, సోఫా మొయ్యాలన్నా అతనే. మాట మాత్రం తక్కువ. ఎవరైనా థాంక్స్ చెబితే, ఎవరి కాలో తొక్కినవాడిలా ఇబ్బందిపడి పక్కకి జరిగేవాడు.

హనుమయ్యగారి తమ్ముడి కూతురు స్పందన. పక్కనే ఫయెట్‌విల్‌లో ఎమ్మెస్ చేస్తూ శని, ఆదివారాలు అక్క దగ్గరికి వచ్చేది. ఆ అమ్మాయికి డ్రైవింగ్ నేర్పే పని రామమోహన్ మీద పడింది. ఖాళీగా ఉండే ఒక చర్చి పార్కింగ్ లాట్‌లో ఇద్దరూ గుండ్రంగా తిరిగేవాళ్లు.

"ఏం మాట్లాడతాడే?" అని దమయంతి అడిగితే, "బ్రేక్ అంటాడక్కా" అంది స్పందన నవ్వుతూ. "ఒక్కోసారి బ్రేక్ అండీ అంటాడు." ఆ నవ్వు చూసే దమయంతి తండ్రి చెవిన వేసింది. సంగతి ఇండియాకి వెళ్లింది. అటూ ఇటూ విచారించుకున్నారు, అన్నీ కుదిరాయి. "నువ్వు అక్కడే ఉన్నావుగా అన్నయ్యా, ఆ అబ్బాయిని దగ్గరగా చూసి చెప్పు. నీ మాటే నా మాట" అన్నాడు తమ్ముడు. హనుమయ్యగారు చూస్తూనే ఉన్నారు, సంతోషంగానే ఉన్నారు. వ్రతం అయ్యాక తమ్ముడికి ఫోన్ చేసి ఊఁ అనేద్దామనుకున్నారు.

ఇక ఆ ముగ్గురు స్త్రీలూ ఎక్కడినుంచి వచ్చారో కూడా చెప్పాలి. రామమోహన్ లాప్‌టాప్‌లోకి వాళ్లని పిలిచి కూర్చోబెట్టింది హనుమయ్యగారే.

ఆయనకి అమెరికాలో అన్నీ బాగానే ఉన్నాయి గానీ పొద్దున్నే పేపరు లేదు. అల్లుడి లాప్‌టాప్ ఆఫీసుది, దాంట్లో ఏదీ ఎక్కించనివ్వరు. ఆ సంగతి విన్న రామమోహన్ రోజూ ఆఫీసుకి వెళ్తూ వెళ్తూ తన సొంత లాప్‌టాప్ పైకి తెచ్చి ఆయన ముందు పెట్టి వెళ్లేవాడు. కింద అతని ఇంట్లో ఉన్న వైర్‌లెస్ పైదాకా అందేది. ఆ రోజులు గుర్తున్నవాళ్లకి తెలుసు, తెలుగు పేపరు తెరిస్తే తెలుగు కనిపించేది కాదు. పెట్టెలు, ప్రశ్నార్థకాలు, మధ్యలో పిల్లికాళ్లలాంటివేవో కనిపించేవి. ఏ పేపరు అక్షరాలు ఆ పేపరువే. ఫాంట్ దించుకోమంటావా అని అది అడుగుతుంది, యెస్ అనాలి. అప్పుడు గానీ అ ఆలు రావు.

"బాబాయ్ గారూ, అది ఏదైనా అడిగితే యెస్ నొక్కండి. అక్షరాలు అవే వస్తాయి" అని చెప్పాడు రామమోహన్ మొదటి రోజు.

"ఏది అడిగినా?"

"ఏది అడిగినా అండి."

అంతే. ఆయన క్రమశిక్షణ గల ఉద్యోగి. పేపరు పేజీ పక్కన మెరిసే బొమ్మ ఏదో అడిగేది, యెస్. మీ మౌస్ బాణాన్ని సీతాకోకచిలుకగా మార్చమంటారా, యెస్. మీ కంప్యూటర్ నెమ్మదిగా ఉంది, వేగం పెంచమంటారా, యెస్. కూపన్లు, వాతావరణం, నవ్వే ముఖాలు, తెర పైన ఒకదాని మీద ఒకటి టూల్‌బార్ పట్టీలు, అన్నిటికీ యెస్. ఆయనకి అవన్నీ అక్షరాల తాలూకు అవసరాలే. పాపం, ఇన్ని అడిగితే గానీ తెలుగు రావడం లేదు కాబోలు అనుకునేవారు.

ఆ రోజు గదినిండా సాఫ్ట్‌వేర్ వాళ్లే. ఒకరు టెస్టింగ్, ఒకరు డేటాబేస్, ఇంకొకరు రిపోర్టులు. ఇంట్లో కంప్యూటర్‌కి జబ్బు చేస్తే ఎలాగో ఒక్కరికీ తెలీదు. అప్పట్లో అందరి నమ్మకమూ ఒకటే: అలాంటి చోట్లకి వెళ్లేవాళ్లకే అలాంటివి వస్తాయి. పైగా పెళ్లికానివాడు, ఒంటరిగా ఉంటాడు, తక్కువ మాట్లాడతాడు. నిన్నటిదాకా బుద్ధిమంతుడి లక్షణాలుగా చెప్పుకున్నవే ఆ మధ్యాహ్నానికి ఇంకోలా కనబడ్డాయి.

"మరీ ఆ లాప్‌టాప్ తెచ్చి పెద్దాయన ముందు పెడతాడా!" అంది దమయంతి వంటింట్లో.

"మీ నాన్నగారు ఇన్నాళ్లూ దాంట్లోనే పేపరు చదివారు" అన్నాడు రఘు. "ఏమేం కనపడ్డాయో ఏమో. చెప్పుకోలేకపోయుంటారు."

హనుమయ్యగారు నిజంగానే చెప్పుకోలేకపోయారు. అప్పుడప్పుడూ ఏవో బొమ్మలు వచ్చేవి, ఆయన మర్యాదగా తల తిప్పుకునేవారు. అవి ఆ కుర్రాడివి అనుకున్నారు. పరాయివాడి పెట్టె తెరిస్తే వాడి సామాను కనపడదూ! తల తిప్పుకుని ఊరుకోవచ్చు. కానీ ఇంటి ఆడపిల్లనివ్వడం వేరు.

ఆ సాయంత్రం రామమోహన్ కిందికి వెళ్లి, పెద్దాయనకి ఇచ్చినప్పట్నుంచీ తను పెద్దగా వాడని లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. తను ఎన్నడూ ఎక్కించని ప్రోగ్రాములు వరసగా కనిపించాయి. ఒకటి తీసేస్తే రెండు వచ్చాయి. అన్నీ తను ఆఫీసులో ఉన్న వేళల్లో ఎక్కినవే. సంగతి అర్థం కావడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. తన మాటే, 'ఏది అడిగినా అండి' అన్నదే, ఆ ముగ్గురినీ వ్రతం గదిలోకి తీసుకొచ్చింది. లాప్‌టాప్ మొత్తం చెరిపేసి, మళ్లీ మొదటినుంచి అన్నీ ఎక్కించాడు. ఆయన చదివే రెండు పేపర్ల ఫాంట్లూ మర్చిపోకుండా పెట్టాడు.

పొద్దున్నే ఎప్పటిలాగే పైకి తీసుకెళ్లాడు. తలుపు హనుమయ్యగారే తీశారు.

"బాగు చేశానండీ, బాబాయ్ గారూ."

"వద్దులే నాయనా. కళ్లు నొప్పెడుతున్నాయి."

"ఫాంట్లు కూడా వేశానండీ. ఇక అడగదు."

"వద్దులే."

"సరేనండి" అన్నాడు రామమోహన్. లాప్‌టాప్ చంకలో పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు. హనుమయ్యగారూ నిలబడ్డారు. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ రాలేదు. అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు.

స్పందన సంగతి ఇంకా నెమ్మదిగా తేలింది. తర్వాతి శనివారం ఆ అమ్మాయి మెట్ల దగ్గర అతని కోసం ఆగింది. చేతిలో డ్రైవింగ్ పుస్తకం ఉంది.

"ఇంక క్లాసులు వద్దంటోందండీ దమయంతక్క" అంది.

"ఓ. పర్లేదండీ."

ఆమె ఇంకాసేపు ఆగింది. అతను మాట్లాడతాడని ఆమె, ఆమె అడుగుతుందని అతను. పుస్తకం ఈ చేతినుంచి ఆ చేతికి మారింది.

"పారలల్ పార్కింగ్ ఒక్కటే మిగిలిందండీ" అన్నాడు చివరికి. "అది ఎవరైనా నేర్పుతారు."

"అవునా" అందామె.

ఆ సంవత్సరం చివర్లో స్పందనకి జెర్సీ సిటీలో ఉద్యోగం వచ్చింది. అక్కడ రైళ్లే కనక డ్రైవింగ్ అవసరం పడలేదు. మరుసటి ఏడు పెళ్లయింది. భర్త మంచివాడే, బాగానే ఉన్నారు. రామమోహన్ పెళ్లికి గిఫ్ట్ కార్డు పంపాడు. అతనికి మాత్రం ఆ తర్వాత ఊళ్లో ఎవరూ సంబంధం చెప్పలేదు. ఎయిర్‌పోర్టు రైడ్‌లు మాత్రం అడుగుతూనే ఉన్నారు. పిల్లలున్న ఇళ్లలో పార్టీలైతే పిలవడం మర్చిపోయేవాళ్లు. అతనూ గుర్తు చేసేవాడు కాదు.

హనుమయ్యగారు రెండోసారి నాలుగేళ్ల తర్వాత, 2007లో వచ్చారు. ఈసారి అల్లుడు మామగారి కోసం కొత్త లాప్‌టాప్ కొన్నాడు, ఎవరి దయా అక్కర్లేకుండా. రెండు వారాలు పేపర్లన్నీ హాయిగా చదివారు. మూడో వారం ఒక సాయంత్రం రఘు ఇంటికొచ్చేసరికి కొత్త లాప్‌టాప్ తెర మీద, పైన పట్టీల కింద, బాణం సీతాకోకచిలుకై ఎగురుతుంటే, ఇద్దరు స్త్రీలు కూర్చుని ఉన్నారు. మామగారు మర్యాదగా గోడ వైపు తిరిగి ఉన్నారు.

రఘు బ్యాగు దించి దగ్గరికి వచ్చాడు. "మామయ్యగారూ," అన్నాడు, "ఇది... ఇది ఎలా వచ్చిందండీ?"

"నాకేం తెలుసు నాయనా. కొత్తది కదా, ఇది కూడా అలాగే ఉందేమిటా అనుకుంటున్నా."

"మీరేమైనా నొక్కారా?"

"యెస్ నొక్కాను. అడిగినదానికల్లా నొక్కుతాను. లేకపోతే అక్షరాలు రావుగా?"

"ఎవరు చెప్పారండీ అలా అని?"

"రామమోహన్" అని ఆగిపోయారు హనుమయ్యగారు. బస్టాండులో అన్నేళ్లు మాటా మాటా విడదీసి చదివిన మనిషి, ఆ పేరు దగ్గర వాక్యం వదిలేసి తెర వైపు తిరిగారు. వంటింట్లోంచి దమయంతి గరిటె పట్టుకునే బయటికొచ్చింది. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఆ ఇద్దరు స్త్రీలనీ చూస్తూ ఉండిపోయారు.

తర్వాత ఆ ఇంట్లో ఒక కథ తయారైంది. రామమోహన్‌కి అంతా తెలుసట, తెలిసీ పెద్దాయన పరువు కోసం నోరు మూసుకున్నాడట, తన పెళ్లి సంబంధాన్ని తనే వదులుకున్నాడట. దమయంతి ఆ కథ ఫోన్లో స్పందనకి చెప్పింది. అవతల ఆ అమ్మాయి రైల్లో ఉంది. "ఇప్పుడెందుకక్కా చెప్పావు" అంది స్పందన. "ఆ రోజు మెట్ల దగ్గర అతను మాట్లాడతాడనే ఆగాను." ఊళ్లో మిగతావాళ్లు కూడా ఆ కథ ఇష్టంగా చెప్పుకున్నారు. త్యాగం చేశాడంటే, తప్పు చేసినవాళ్లకి కూడా కొంచెం ఊరటగా ఉంటుంది మరి.

హనుమయ్యగారికి మాత్రం ఊరట దొరకలేదు. ఆ వారంలోనే ఒక సాయంత్రం రామమోహన్ కారు పార్కింగ్‌లోకి రావడం కిటికీలోంచి చూసి, చెప్పులు వేసుకుని, పక్క కడ్డీ ఆసరాగా మెట్లు దిగారు. రఘు వెనకాలే వచ్చాడు. రామమోహన్ సరుకుల సంచులు దింపుకుంటున్నాడు. చెవుల పక్క జుట్టు కొంచెం నెరిసింది.

"ఏమయ్యా," అన్నారు హనుమయ్యగారు ఆయాసపడుతూ, "నీకు ఆ రోజే తెలుసా, అవన్నీ నేను నొక్కినవని?"

"ఆ సాయంత్రం తెలిసిందండీ, బాబాయ్ గారూ. కూర్చోండి, మెట్లు దిగారు."

"కూర్చోను. మా పిల్లనిద్దామనుకున్నానయ్యా నీకు! తమ్ముడికి నోటిమాట ఒక్కటే తక్కువ. పొద్దున్నే ఆ డబ్బా చంకలో పెట్టుకుని నా గుమ్మంలో నిలబడ్డావే, నోట్లో ఏం పెట్టుకున్నావు అప్పుడు? ఆ అమ్మాయి మెట్ల దగ్గర నిలబడిందట, దానికైనా చెప్పొచ్చుగా? ఇన్నేళ్లు నన్ను తెలియకుండానే ఈ పాపం మోయనిస్తావా? ఒక్క మాట, ఒకే ఒక్క మాట ఎందుకు చెప్పలేదయ్యా?"

రామమోహన్ సంచి కింద పెట్టాడు. తాళంచెవి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. పెద్దాయన మీద కోపం లేదు ఆ ముఖంలో. త్యాగం చేసినవాడి వెలుగూ ఏమీ లేదు.

"ఒక్కరూ అడగలేదు కదండీ" అన్నాడు.