సగం చూసిన సినిమాకు పన్నెండు మార్కులు

ఆ రోజుల్లో మా తణుకులో ఒక సినిమా బాగుందో లేదో తేల్చడానికి ఎవరూ పెద్దగా కష్టపడేవారు కాదు. మ్యాట్నీ వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి, బయటికొచ్చేవాళ్ల మొహాలు చూస్తే సరిపోయేది. గట్టిగా మాట్లాడుకుంటూ వస్తే బాగున్నట్టు, మౌనంగా సైకిళ్ల తాళాలు తీసుకుంటే బాగోనట్టు, "ఫైటింగులు బాగున్నాయండి" అని ఒక్కమాట అని ఊరుకుంటే మిగతావేవీ బాగోనట్టు. ఇంత చక్కటి ఏర్పాటు ఉన్న ఊళ్లో సినిమా సమీక్షకుడి అవసరం ఏమొచ్చిందని ఇప్పుడు నాకు అనిపిస్తుంది కానీ, ఇరవై మూడేళ్ల వయసులో అనిపించలేదు. నేనొకణ్ని లేకపోతే ఈ జనం ఏమైపోతారో పాపం, అనిపించేది.

తొంభైల చివరి మాట ఇది. డిగ్రీ అయిపోయి, బ్యాంకు పరీక్ష రాసి, ఫలితాల కోసం ఎదురుచూస్తూ నేను ఒక వారపత్రికలో చేరాను. పత్రిక అంటే పెద్దగా ఊహించుకోవద్దు. మా ఎడిటరు గారికి ఒక ప్రెస్సు ఉండేది. అందులో శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, సంవత్సరీకాల కార్డులు అచ్చయ్యేవి. వాటి మధ్య మిషను ఖాళీగా ఉన్నప్పుడు పత్రిక అచ్చయ్యేది. ముహూర్తాలు ఎక్కువున్న నెలలో ఒక్కోసారి అచ్చయ్యేది కాదు కూడా. సిబ్బంది ఆయనా, నేనూ. ఊరి వార్తలు, వారఫలాలు, సినిమా సమీక్ష నావి (నాది మేషరాశి. ఆ రెండేళ్లలో మేషరాశివారికి ఒక్క చెడ్డవారం రాలేదు). సమీక్ష చివర నూటికి ఇన్ని అని మార్కులు వేసేవాణ్ని. ముప్పై అయిదు వస్తే పాసు. నా చేతిలో ఎవరూ పాసైన దాఖలా లేదు.

ముఖ్యంగా నా కత్తికి ఎక్కువగా బలైనవి డబ్బింగ్ సాహస చిత్రాలు. ఎక్కడెక్కడి దేశాల్లోనో తీసిన సినిమాలు మద్రాసులో తెలుగు నేర్చుకుని మా ఊరొచ్చేవి. అన్నిటి పేర్లలోనూ మృత్యువో రక్తమో తప్పకుండా ఉండేది. లోపల పెద్ద పామో, నిధో, అగ్నిపర్వతమో ఉండేవి. కండలు తిరిగిన తెల్లవాళ్లు "ఓ మిత్రమా, ఇక జాగు సేయతగదు!" అని మా తెలుగు మాస్టారు కూడా మాట్లాడని తెలుగు మాట్లాడేవారు. ఇలాంటి వాటికోసం రెండున్నర గంటలు కూర్చోవడం నాబోటి మేధావికి దండగని నేనొక సూత్రం కనిపెట్టాను. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు కదా. కాబట్టి ఇంటర్వెల్ దాకా చూసి, సైకిలెక్కి వెళ్లిపోయి, మిగతా కథ ఊహించి రాసేసేవాణ్ని. ఊహ ఎప్పుడూ తప్పేది కాదు, కనీసం తప్పిందని ఎవరూ చెప్పలేదు.

అలా ఉండగా ఒక శుక్రవారం మంచుకొండల సినిమా ఒకటి వచ్చింది. బంగారంతో వెళ్తున్న విమానం ఒకటి కొండల్లో కూలుతుంది. దాన్ని వెతుక్కుంటూ హీరో ఒకవైపు, విలను ఒకవైపు బయలుదేరతారు. చుట్టూ నిలువెత్తు మంచున్నా హీరో చేతుల్లేని బనియనులోనే ఉంటాడు, వాడి చేతులు ఒక్కోటీ నా నడుమంత ఉన్నాయి. మధ్యలో ఎలుగుబంటి ఒకటి మీదపడుతుంది. అది వెనక్కి తిరిగినప్పుడు వీపు మీద జిప్పు కనిపించింది. దాంతో నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే లేచి, ఇంటికెళ్లి, ఒక్క ఊపులో సమీక్ష రాసి పడేశాను. "చివరికి కథానాయకుడు ఎలుగుబంటిని ఒంటిచేత్తో సంహరించి, ప్రతినాయకుణ్ని లోయలోకి తోసి, బంగారాన్ని పేదలకు పంచిపెట్టడం ప్రేక్షకుల సహనానికి పరీక్ష" అని ముగించి, పన్నెండు మార్కులు వేశాను. జిప్పు గురించి రాసిన వాక్యానికి ఎడిటరు గారు పడీపడీ నవ్వి, "బాగా ఉతికేశావయ్యా" అన్నారు. ఆ ఆదివారం పత్రిక వచ్చింది.

ఇక్కడ మా దొడ్డమ్మ సంగతి చెప్పాలి. మా అమ్మకు అక్క. అమలాపురం దగ్గర పల్లెటూరిలో పుట్టి, తణుకులో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. నుదుట పెద్ద బొట్టు, చేతిలో గొడుగు. ఆవిడ దేవుడి సినిమాలకు వెళ్తుందని చూసినవాళ్లు అనుకునేవారు. ఆవిడ వెళ్లేది ఫైటింగు సినిమాలకు. "ఏడుపు సినిమాలు నాకెందుకురా, ముప్పై ఏళ్లు పరీక్ష పేపర్లు దిద్దాను" అనేది. గురువారం వాళ్లింటికి భోజనానికి వెళ్తే, నాకు ముద్దపప్పు వడ్డించి, నెయ్యి గిన్నె మాత్రం తన దగ్గరే పెట్టుకుని అడిగింది.

"ఏరా, నిన్న ఆ మంచుకొండల సినిమా చూశాను. అందులో బంగారం పేదలకి ఎప్పుడు పంచాడ్రా?"

"చివర్లోనే దొడ్డమ్మా."

"చివర్లో ఎక్కడ? విలనుగాడు లోయలో ఎప్పుడు పడ్డాడు?"

"అదే... చివర్లోనే."

"నేను చూసిన సినిమాలో పడలేదే మరి! తాడు వంతెన దగ్గరేమైంది, చెప్పు."

తాడు వంతెన అన్న మాట వినడం నాకదే మొదలు. నేను పప్పు కలుపుతూ ఉండిపోయాను. ఎంతమంది పిల్లలు కాపీకొట్టి దొరికిపోతే చూసిందో ఆవిడ, ఇంకో ప్రశ్న అడగలేదు. నేనే నా మెతుకు సూత్రం వివరంగా చెప్పాను. అంతా విని, "అన్నానికి మెతుకు చాలు. సినిమా విస్తరి కదరా! పప్పు రుచి చూసి లేచిపోయి పులుసు బాగాలేదని ఊరంతా చాటుతావా? రేపే వెళ్లి చూడు" అని, అప్పుడు నెయ్యి వేసింది.

మర్నాడు వెళ్లేసరికి హాలు ముందు మంచుకొండల మీద అత్తాకోడళ్ల పోస్టరు అంటిస్తున్నారు. థియేటరు మేనేజరు నాకు తెలిసినవాడే. పొట్టిగా, మెత్తగా ఉండేవాడు, మిట్టమధ్యాహ్నం కూడా చేతిలో టార్చిలైటు వదిలేవాడు కాదు. నన్ను చూసి ఎప్పటిలాగే లేచి నిలబడ్డాడు. "రండి, కొత్త సినిమాకి వచ్చారా? ఎళ్లి కూర్చోండి లోపల" అన్నాడు. పాత సినిమా కోసం వచ్చానన్నాను.

"అదాండి? ఇంకెక్కడండి, పొద్దున్నే రీళ్ల పెట్టె పెనుగొండ ఎళ్లిపోయింది."

ఆ హాలు యజమాని దాన్ని కల్యాణమండపం చేసేయాలని చూస్తున్నాడనీ, ఈ మేనేజరే బెజవాడ వెళ్లి ఏరికోరి సినిమాలు తెచ్చి నాలుగు రోజులు ఎక్కువ నిలబెట్టాలని తంటాలు పడుతున్నాడనీ ఊళ్లో అందరికీ తెలుసు. "నేను రాసిందాని వల్లే తీసేశారా అండి?" అని అడిగాను. అడిగేటప్పుడు గొంతులో బాధ ఉంది కానీ, అడుగున ఎక్కడో కాస్త గర్వం కూడా ఉందని ఒప్పుకోవాలి.

ఆయన కాసేపు ఇబ్బందిగా చూశాడు. "అబ్బే, మీ పత్రిక వల్ల కాదండి. ఏమనుకోకండేం, మీ పత్రిక మా క్యాంటీనులో బజ్జీల కిందకి తెస్తారండి. జనం రాలేదు, అంతేనండి." నేను వెళ్లబోతుంటే మళ్లీ అన్నాడు. "కానీండి, నేను చదివాను. తిట్టినందుకు కాదండి నా బాధ. అందులో తిట్టాల్సినవి బోల్డున్నాయి, ఆ ఎలుగుబంటిని నేనూ తిట్టాను. ఆ వంతెన సీనుందే, ప్రతి ఆటకీ తలుపు దగ్గర నిలబడి చూసేవాణ్నండి. ఈయన చదువుకున్నారు, దీన్ని పట్టుకుంటారు, ఓ ముక్క రాస్తారు అనుకున్నాను. మీరు ఇంటర్వెల్లో సైకిలు తీస్తుంటే, పకోడీలకేమో, వస్తార్లే అనుకున్నానండి. సీనొచ్చే టయానికి గేటు దాకా వచ్చి చూశాను కూడా."

ఆయన కోప్పడి ఉంటే నేనూ ఏదో ఒకటి అని బయటపడేవాణ్ని. కోప్పడలేదు. పైగా కుర్రాణ్నని చూడకుండా 'మీరు' అంటూనే ఉన్నాడు.

ఆదివారం నాడు పెనుగొండ బస్సెక్కాను. సంగతి ముందురోజే చెప్పి ఉన్నాను, దొడ్డమ్మ గొడుగుతో, జంతికల డబ్బాతో అప్పటికే బస్సులో కూర్చుని ఉంది. "నేనూ వస్తా. ఇంటర్వెల్లో లేచావంటే చొక్కా పట్టుకుని లాగుతాను" అంది. పెనుగొండ హాల్లో పాతికమంది ఉంటారు, అందులో సగంమంది ఫ్యాన్ల గాలి కోసం వచ్చినవాళ్లే. మొదటి సగం మొదటిసారికన్నా ఘోరంగా ఉంది. జిప్పు ఇంకా బాగా కనిపించింది. ఇంటర్వెల్లో నేను కదల్లేదు.

ఆ తర్వాత కాసేపటికి వంతెన వచ్చింది. కింద కనుచూపు అందని లోయ. బంగారం సంచితో విలను ముందే దాటేశాడు. వెనకాల హీరో మొదలెట్టాడు. సరిగ్గా సగానికి వచ్చి, కిందికి చూసి, కూర్చుండిపోయాడు. అంతవరకూ కొండల్ని పిండికొట్టిన మనిషి రెండు తాళ్లూ పట్టుకుని గజగజ వణుకుతున్నాడు. ముందుకు రాలేడు, వెనక్కి పోలేడు. సంగీతం ఆగిపోయింది, గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. విలను వెళ్లిపోవచ్చు. నాలుగడుగులు వేశాడు కూడా. తర్వాత సంచి కింద పెట్టి, వెనక్కి పాక్కుంటూ వచ్చి, వాడి ఎదురుగా కూర్చుని, "మీ అమ్మ ఏం వండుతుంది?" అని అడిగాడు. ఆ ఒక్కచోట డబ్బింగ్ రాసినాయన ఏ కళనున్నాడో, మామూలు మాటలు రాశాడు. హీరో పళ్లు టకటక కొట్టుకుంటుండగా "బంగాళాదుంపలు" అన్నాడు. "ఎలా వండుతుంది?" అన్నాడు విలను, ఒక్క జానెడు వెనక్కి జరిగి. వాడు చెబుతూ ఒక్క జానెడు ముందుకు జరిగాడు. అలా బంగాళాదుంపలు ఉడికి, వేగి, కంచంలోకి వచ్చేసరికి ఇద్దరూ ఒడ్డున పడ్డారు. హీరో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. విలను సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. హీరో నడుముకు తుపాకీ ఉంది. తీయలేదు.

పెనుగొండ హాల్లో ఒక్కరూ దగ్గలేదు. నా చేతిలో సగం కొరికిన జంతిక అలాగే ఉంది. తర్వాత తీసినవాళ్లకు తాము తీస్తున్నది ఏ సినిమానో గుర్తొచ్చినట్టుంది, బాంబులు పేలాయి, ఎలుగుబంటి మళ్లీ వచ్చింది. దొడ్డమ్మ హాయిగా నిద్రపోయింది.

తిరుగు బస్సులో అడిగింది. "ఇప్పుడు ఎన్నేస్తావు?"

"అదే తెలీడం లేదు దొడ్డమ్మా. ఆ పది నిమిషాలకీ తొంభై వేయచ్చు. మిగతాదానికి పన్నెండు కూడా ఎక్కువే. సగటు తీయనా?"

ఆవిడ కిటికీలోంచి చేలు చూస్తూ చెప్పింది. "నా క్లాసులో ఒకడుండేవాడు. పరీక్షలో అన్నీ తప్పులే, ఒక్క లెక్క తప్ప. ఆ లెక్క క్లాసులో ఇంకెవడూ చేయలేదు."

"పాస్ చేశావా?"

"ఎలా చేస్తాను? ఫెయిలే. కానీ మర్నాడు ఆ లెక్క బోర్డు మీద వాడిచేతే చేయించాను, అందరూ చూస్తుండగా."

సోమవారం పొద్దున్న రెండో సమీక్ష రాసి ఎడిటరు గారి ముందు పెట్టాను. మొదటిది సగం సినిమా చూసి రాశానని మొదటి వాక్యంలోనే ఒప్పుకున్నాను. ఎలుగుబంటిని మళ్లీ తిట్టాను. వంతెన సంగతి మాత్రం పూసగుచ్చినట్టు రాశాను. మార్కులు ఇరవై రెండు, ఫెయిలే. ఆయన కళ్లజోడు నుదుటి మీదకు తోసి నన్ను చూశారు.

"ఇదేంటయ్యా? మనం తప్పు రాశామని మనమే వేస్తే, మిగతావన్నీ కూడా తప్పులేమోనని అనుమానం రాదూ?"

"మిగతా సమీక్షలు కూడా సగం చూసి రాసినవేనండి."

ఆయన కళ్లజోడు మళ్లీ ముక్కు మీదకు దించుకున్నారు. "వారఫలాలో?" అన్నారు చివరికి.

"అవి అసలేమీ చూడకుండా రాశానండి."

పెద్ద నిట్టూర్పు విడిచి, కాయితం కంపోజింగుకి పంపించారు. ఆ వారం ముహూర్తాలు లేవు, పేజీ ఖాళీగా ఉంది. కారణం అంతకన్నా గొప్పదేమీ కాకపోవచ్చు.

ఆదివారం పత్రిక వచ్చింది. మూడు రోజుల తర్వాత హాలువైపు వెళ్తే, టిక్కెట్లిచ్చే కిటికీ అద్దానికి నా సమీక్ష అంటించి ఉంది. మేనేజరు దానికింద నిలబడి ఒక ముసలాయనకు ఏదో నచ్చజెబుతున్నాడు. నన్ను చూడగానే, "మీరే చెప్పండి సార్! మొన్నటినుంచీ ఇదే గొడవ. ఆడుతున్నది అత్తాకోడళ్ల సినిమా అండి, వంతెన అందులో లేదండి, అంటే వినరు. నిన్న ఒకావిడ వంతెన రాలేదని ఆఖరి దాకా కూర్చుని, వదిలాక నన్ను దెబ్బలాడింది" అన్నాడు. దెబ్బలాడించుకున్నవాడి మొహంలా లేదు అది. ముసలాయన్ని ఎలాగో లోపలికి పంపేసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"పెనుగొండలో చూసినప్పుడండి, వాడు సంచి కింద పెట్టినప్పుడు... మీకూ ఊపిరి ఆగిందాండి?"

"ఆగిందండి" అన్నాను.

"ఆయ్" అన్నాడు. టార్చిలైటు వెలిగించి, ఆర్పాడు.

ఏడాది తిరక్కుండా ఆ హాలు కల్యాణమండపం అయింది. ఆపలేకపోయాం, ఆయనా, నేనూ, బంగాళాదుంపలూ. నాకు బ్యాంకు ఉద్యోగం వచ్చింది, నా తర్వాత మేషరాశివారి వారాలు ఎలా గడిచాయో తెలియదు. సినిమాల మీద ఇంకెప్పుడూ రాయలేదు.

ఈమధ్య రాజమండ్రిలో ఒక పెద్ద హాల్లో ఏదో ఫైటింగు సినిమా చూశాను. వరసగా కార్లు పేల్చుకుంటూ పోయి అయిపోయింది. అందరూ లేచారు, మా ఆవిడ కూడా కారు తాళం తీసుకుని కిందికెళ్లిపోయింది. తెర మీద పేర్లు పడుతున్నాయి. చీపురుతో వచ్చిన ఆవిడ నన్ను చూసి, "అయిపోయిందండి సినిమా" అంది. "తెలుసమ్మా, ఇంకేమైనా వస్తుందేమోనని" అన్నాను. ఆవిడ నన్నూ తెరనూ ఒకసారి చూసి, చీపురుకు చేరబడి తనూ చూడసాగింది. పేర్లన్నీ పైకెళ్లిపోయి, తెర తెల్లగా మిగిలింది.

"ఏం రాలేదండి" అంది.

"రాలేదమ్మా" అని లేచాను.