మబ్బు కింది ఎకరాలు

పోయినవి ఇవి. చెరువు కట్ట నలభై రెండు గజాలు. తూము ఒకటి, దాని తలుపుతో సహా. పొట్ట మీదున్న వరి ముప్పై ఒక్క ఎకరాలు. ఒడ్డున బిగించిన కరెంటు మోటార్లు నాలుగు. బర్రెలు రెండు, వాటిలో ఒకటి మూడో నాడు కింది ఊరి నుంచి తనంతట తానే నడిచి వచ్చింది కనుక ఒకటి. మా అవ్వ ఇత్తడి బిందె. చేపల లెక్క తేలలేదు, ఎందుకంటే వాటిని పట్టుకున్న కింది ఊరివాళ్లు ఒక్కరూ నిజం చెప్పలేదు. మనుషులు ఎవరూ పోలేదు. ఆ సున్నాను అన్నిటికన్నా పైన రాశాను.

ఎనభైల నడుమ ఒక దసరా వానకు పాలకుర్తి దగ్గరి మా ఊరి చెరువు తెగింది. ఆ వారంలో వేసిన లెక్క ఇది. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం నడిచినప్పుడు జనగామలో మా బడి నెలల తరబడి మూతబడింది. మళ్లీ తెరిచేసరికి నేను నాగలి పట్టాను. కానీ ఆ ఖాళీ నెలల్లో భూమి కొలిచే పాత గొలుసు ఒకటి నా చేతికి చిక్కింది. ఎకరానికి నలభై గుంటలు అన్న ఒక్క సూత్రంతో ఊరి పొలాలన్నీ సరదాకు కొలిచాను. తర్వాత అన్నదమ్ములు పాలు పంచుకున్నా, గట్టు తగాదా వచ్చినా నన్నే పిలిచేవాళ్లు.

తెగిన చోట ఇసుక బస్తాలు వేసి ఉన్న నీళ్లను ఆపుకున్నాం. కానీ బస్తాలు ఒక్క వానాకాలం కూడా నిలవవు. కట్ట కట్టాలంటే సర్కారే కట్టాలి. నీళ్లు వంద ఎకరాలు దాటి పరుచుకున్న చెరువులకే ముందు మరమ్మతు అని ఆఫీసులో చెప్పారు. నేను నీటి అంచు వెంబడి గొలుసు పట్టి కొలిచి, నూట పద్దెనిమిది ఎకరాల పద్నాలుగు గుంటలు అని చెప్పాను. “నువ్వు కొలిస్తే చెల్లదు, మా దగ్గర కొత్త పటం వస్తున్నది,” అన్నారు.

అందరికన్నా ఎక్కువ దిగులు మా నీరటి పెద్దబాపుది. తూము ఎత్తి పొలం పొలానికీ నీళ్లు పంచడం ఆయన పని. దానికి ప్రతి కళ్లంలో ఇన్ని వడ్లు కొలిచి పోసేవాళ్లు. ఆయన తండ్రీ తాతా చేసిందీ అదే. “చెర్వు లేకుంటె నేనెవల్ని రా కొడుకా?” అని అడిగాడు నన్ను. 

చలికాలంలో ఒక జీపు వచ్చింది. ఆ కొత్త పటం పని మీద హైదరాబాదు నుంచి వచ్చిన మేడం ఒకావిడ, డ్రైవరు చాచా దిగారు. ఆవిడ బానెట్ మీద పెద్ద బొమ్మ పరిచింది. ఏడు వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం తీసిందట. అంటే మా ఊరి నుంచి హైదరాబాదుకు ఆరు సార్లు పోయినంత దూరం, నిలువుగా. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ అందులోనే ఉన్నాయి. మా అక్కను భూపాలపల్లి దిక్కు ఇచ్చాం. మూడు బస్సులు మారి పొద్దంతా పోయే ఆ ఊరు నాకు జానెడు దూరంలో దొరికింది. కొత్తగూడ అడవి ముదురు ఎరుపు, నడుమ నడుమ పోడు కొట్టిన చోట తెల్లటి మచ్చలు.

నీరటి పెద్దబాపు బొమ్మ చూసి నెత్తి పట్టుకున్నాడు. “ఓర్నాయినో, దేశమంత తగలవడ్డదేంది?”

“పరేషాన్ గాకు పెద్దాయనా,” అన్నాడు చాచా. “నేను గూడ మొదాలు గట్లనే అనుకున్న. ఆకు ఉన్నకాడ ఎరుపు, నీళ్లున్నకాడ నలుపు. గంతే.”

“మరి మా చెర్వేది?”

మేడం వేలు పెట్టిన చోట నలుపు లేదు. ఎర్రగా, పక్క పొలాల్లో కలిసిపోయి ఉంది. పటంలో మా చెరువును పంట భూమి కింద వేశారు. ఆవిడ బొమ్మ మీంచి కళ్లెత్తి చెరువు చూసి నవ్వింది. నీళ్ల మీద కట్ట నుంచి అవతలి ఒడ్డు దాకా గుర్రపుడెక్క, ఒక్క జానెడు నీళ్లు కనపడకుండా. “మీకే నీళ్లు కనపడడం లేదు, దానికేం కనపడతాయి?” అంది. “ఇక్కడ చెరువుందని రాస్తాను. విస్తీర్ణం మాత్రం బొమ్మలో నీళ్లు కనపడితేనే వేయగలను. పదహారు రోజులకోసారి అది మీ మీదుగా పోతుంది, పొద్దున పది కొట్టే ముందు.” బొమ్మంతా చిన్న చిన్న గడుల కూర్పని, ఒక్కో గడి నేల మీద ఎంతో కూడా చెప్పి, రాబోయే తేదీలు రాసిచ్చి పోయింది.

మొదటి తేదీకి మాతో కాలేదు. రెండో దానికి ఊరంతా దిగింది. మోకుల చివర కొడవళ్లు కట్టి డెక్కను కోసి, ఎడ్లతో ఒడ్డుకు లాగాం. చలి నీళ్లలో మొలబంటి దిగినవాళ్లకు మా అవ్వ అల్లం చాయ్ పోసింది. పెద్దబాపు తెప్ప మీద నిలబడి అందరినీ తిట్టేవాడు. “గా మూలకు ఎవడు కోస్తడు, మీ అత్తగారా?”

చివరి తీగ తేదీకి ముందురోజు ఒడ్డెక్కింది. తెల్లారి కట్ట మీదకు పోతే ఊరంతా పెళ్లికి తయారైనట్టుంది. ఆడవాళ్లు పట్టుచీరలు కట్టారు. పెద్దబాపు గడ్డం గీయించుకున్నాడు. మా అవ్వ నా చెవిలో అడిగింది.

“గంత మీదికెల్లి మొఖాలు కానొస్తయా కొడుకా?”

“కానరావే అవ్వా. ఒక్క గడి అంటె ఎకరం నాలుగున్నర గుంటలు. దానికి చిన్నది దాని కంటికి ఆనదు.”

“అయితే అందరం ఒక్కతాన నిలబడుదాం. ఒక గడి నిండదా?”

లెక్క వేశాను. మనిషికి చదరపు గజం చొప్పున ఐదు వేల మూడు వందల ఎనభై నాలుగు మంది కావాలి. మా ఊరి జనం ఏడు వందలు దాటరు. ఆ మాట చెప్తే ఎవరూ నిరాశ పడలేదు. “గొర్లను తోలుకరండ్రి!” అని ఎవరో అరిచారు. రెండు మందలు వచ్చాయి. చెరువు దక్షిణపు మూలన, కట్ట కింది బీట్లో, పట్టుచీరలూ గొర్రెలూ కలిసి నిలబడ్డాం. ఎంత ఇరికినా గడిలో పావు వంతు నిండలేదు. చిరునవ్వు చెదరకుండా మెడలెత్తి చూశాం.

పది కొట్టబోతుండగా ఎక్కడి నుంచి వచ్చిందో, దూది ఉండంత మబ్బు ఒకటి వచ్చి ఆ మూలనే నిలబడింది. ఆకాశం మొత్తం మీద అదొక్కటే.

“జర పక్కకు జరుగు! గంత జాగ ఉన్నది గదా నీకు!” అని పెద్దబాపు తువ్వాలు విసిరాడు. అది జరగలేదు. మేం ఇళ్లకు పోయాకే జరిగింది.

మేడం మళ్లీ వచ్చే దాకా పెద్దబాపు సరిగా తినలేదు. ఈసారి బానెట్ మీద పరిచిన బొమ్మలో మా చెరువు నల్లగా, కాటుక పెట్టినట్టు ఉంది. దక్షిణపు మూలన మాత్రం తెల్లటి మచ్చ, దాని పక్కనే నల్లటి నీడ. ఆ నీడ కూడా అచ్చం నీళ్లలాగే ఉంది. కలిపేస్తారేమో అనుకున్నాను. ఆవిడ రెండింటినీ పక్కన పెట్టింది. “కనపడనిది వేయలేను, నీడను నీళ్లనలేను. మిగతా గడులు మీరూ ఎంచండి.”

ఇద్దరం విడివిడిగా ఎంచాం. ఇద్దరికీ తొంభై ఆరే వచ్చాయి. నూట ఆరు ఎకరాల ముప్పై రెండు గుంటలు. పెద్దబాపు నా భుజం పట్టుకుని, “వంద దాటిందా? జెప్పు, దాటిందా?” అని అడిగాడు. దాటిందన్నాను. ఆయన పోయి చెరువులో ముఖం కడుక్కుని వచ్చాడు.

మా అవ్వ తెల్ల మచ్చ వంక చూసి, “మన ఫొటోల మబ్బు దిగింది,” అంది. చాచా నవ్వి నవ్వి జీపుకు ఆనుకున్నాడు.

వానలు పడే ముందే కట్ట లేచింది. కొత్త తూము మొదటిసారి ఎత్తింది పెద్దబాపే. ఆ వానాకాలపు పంటకు ప్రతి కళ్లం దగ్గరా తన కుంచం తానే పట్టుకుపోయి, అంచుకు సమంగా తలకొట్టి కాదు, పైన కుప్పగా కొలిపించుకున్నాడు.

గడులు ఎంచిన రోజు పోయేటప్పుడు మేడం, మబ్బు లేని బొమ్మ తెచ్చి మిగతా గడులూ తేలుస్తానంది. తర్వాత ఆవిడ వేరే పనికి మారిందని విన్నాను. మారకపోయినా తేలేది కాదు. కట్ట లేచాక చెరువు నిండింది, అంచు మారింది, ఆ రోజు నీళ్లు మళ్లీ రావు. అయినా మంచి ఎండ కాసిన పూట పది కొట్టే ముందు నేను ఇప్పటికీ తలెత్తి చూస్తాను. నా గొలుసు తప్పని అది చెప్పలేదు, ఒప్పని కూడా చెప్పలేదు. నూట పద్దెనిమిది ఎకరాల పద్నాలుగు గుంటల్లో నూట ఆరు ఎకరాల ముప్పై రెండు పోను, ఆకాశం నాకు ఒప్పజెప్పవలసింది ఇంకా పదకొండు ఎకరాల ఇరవై రెండు గుంటలు.